ఆఫీసు ఇంగ్లీషులో మామూలు మాటా, పెద్ద మాటా? బెంగళూరులో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళకు ఒక పోలిక

పనితీరును లెక్కగట్టే అప్రైజల్ ఫారంలో 'కమ్యూనికేషన్ మెరుగుపరుచుకోవాలి' అని ఒక్క లైన్ పడితే చాలు, మారతహళ్ళి పీజీల్లో ఉండే మన పిల్లలు ఆ రాత్రే ఫోన్ తీసి పదాల జాబితాలు వెతుకుతారు. 'యూజ్' బదులు 'యుటిలైజ్', 'హెల్ప్' బదులు 'ఫెసిలిటేట్', 'స్టార్ట్' బదులు 'కమెన్స్'. రీల్స్ నిండా ఇవే. నెల తిరిగేసరికి వాళ్ళ మెయిళ్ళ రూపం మారిపోతుంది గానీ మేనేజర్ అభిప్రాయం ఉన్నచోటే ఉంటుంది. మెయిల్ మొత్తం చదివినా పని ఎక్కడిదాకా వచ్చిందో తెలియకపోవడమే ఆయన అసలు ఫిర్యాదు. దానికి జాబితాలో మందు లేదు.

నేను వైట్‌ఫీల్డ్‌లో టీం లీడ్‌ని. స్టేటస్ మెయిళ్ళు, టికెట్లు (పనుల, ఫిర్యాదుల నమోదులు), సెల్ఫ్ అప్రైజళ్ళు చదవడం నా రోజువారీ పని. టీంలో తెలుగు, కన్నడ, తమిళ, హిందీ, మలయాళం మాట్లాడేవాళ్ళందరూ ఉన్నారు, అవతల క్లయింట్లు వేరే దేశాల్లో ఉన్నారు. అందరినీ కలిపేది ఇంగ్లీషే. అది ఎవరికీ ఇంటి భాష కాదన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఈ ఎంపిక సగం తేలికైపోతుంది.

మీ ముందు నాలుగు దారులున్నాయి. ఒకటి, వచ్చిన మామూలు మాటలతోనే నడిపించడం. రెండు, జాబితా చూసి పెద్ద మాటలు పెట్టడం. మూడు, మన దేశపు ఆఫీసుల్లో పాతుకుపోయిన 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' బాణీ. నాలుగు, చేసిన పనికి సరిగ్గా సరిపోయే మాటను వెతికి పెట్టడం. నా ఓటు నాలుగోదానికి. కానీ మిగతా మూడూ పనికిమాలినవేం కావు, వాటికి తగిన చోట్లు వాటికున్నాయి.

## దేన్ని బట్టి తూచాలి

మొదటి ప్రశ్న: కొత్త మాట పెడితే అర్థం ఏమైనా పెరిగిందా? 'బై' తీసి 'పర్చేజ్' పెడితే చదివేవాళ్ళకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. 'చెక్' తీసి 'వెరిఫై' పెడితే తెలుస్తుంది. తూకంలో సగం బరువు ఈ ప్రశ్నదే.

రెండోది జోడీ. ఇంగ్లీషులో ప్రతి మాటకూ కలిసొచ్చే మాటలు కొన్ని ఉంటాయి. రిస్క్‌ని 'మిటిగేట్' చేస్తారు, బగ్‌ని 'ఫిక్స్' చేస్తారు, టికెట్‌ని 'రిజాల్వ్' చేస్తారు, డెడ్‌లైన్‌ని 'మీట్' అవుతారు, ఒక ఆందోళనను 'రైజ్' చేస్తారు. 'మిటిగేటెడ్ ద బగ్' అని రాస్తే 'బగ్ ఇంకా ఉంది, దాని నష్టం మాత్రం తగ్గించాం' అని అవతలివాళ్ళు చదువుకుంటారు. మీరు నిజంగా బగ్ తీసేసి ఉంటే, మీ పనిని మీరే తక్కువ చేసి చెప్పుకున్నట్టు.

మూడోది తీవ్రత. 'ఆస్క్' మామూలు మాట. 'క్వశ్చన్' అంటే నిలదీయడం. 'ఇంటరాగేట్' అంటే పోలీసు స్టేషన్ వాసన వస్తుంది. 'టెల్' బదులు 'ఇన్‌ఫార్మ్' పర్వాలేదు. 'ఇన్‌స్ట్రక్ట్' పెట్టి, అదీ మేనేజర్ గురించి 'ఐ ఇన్‌స్ట్రక్టెడ్ హిమ్' అని రాస్తే ఆయనకు మీరే ఆర్డర్ వేసినట్టు. జాబితాలు ఈ మెట్లు చూపించవు, అన్నింటినీ ఒకే వరసలో నిలబెడతాయి.

నాలుగోది, ఆ మాటను కాల్‌లో నోటితో అనగలరా అన్నది. మెయిల్‌లో రాసిన దాని గురించి మర్నాడు ఫోన్లో అడుగుతారు. 'రిమ్యూనరేషన్'ని 'రెన్యూమరేషన్' అనేవాళ్ళు ఎందరో ఉన్నారు. 'పే' అని ఉంటే ఆ తడబాటే ఉండదు. ఐదోది, చదివేది ఎవరు. టీం చాట్, జర్మనీలో ఉన్న క్లయింట్, ప్రభుత్వ బ్యాంకు మేనేజర్, ఐఈఎల్‌టీఎస్ ఎగ్జామినర్, ఈ నలుగురికీ ఒకే ఇంగ్లీషు సరిపోదు.

ఇంతకీ ఇంగ్లీషులో ఒకే పనికి చిన్న మాట, పెద్ద మాట జంటగా ఎందుకున్నాయి? 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక దర్బారులోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచే నడిచింది. 1362లో చట్టం చేస్తే గానీ కోర్టు వాదనలు ఇంగ్లీషులోకి రాలేదు. అందుకే జనం మాటలు 'ఆస్క్', 'బిగిన్', 'ఎండ్' అయ్యాయి, దొరల మాటలు 'క్వశ్చన్', 'కమెన్స్', 'ఫినిష్' అయ్యాయి. మనకు ఇల్లు, గృహం ఉన్నట్టే. గృహప్రవేశం అంటాం గానీ, 'గృహానికి వెళ్ళి భోంచేసి వస్తా' అనం. ఇంగ్లీషులో కూడా ఒప్పంద పత్రంలో 'కమెన్స్‌మెంట్ డేట్' అందంగా ఉంటుంది. 'ఐ విల్ కమెన్స్ మై లంచ్' ఉండదు.

## మొదటి దారి: మామూలు మాటలు

దీని గురించి మనవాళ్ళలో ఒక చిన్నచూపు ఉంది. టీంలో ఒక కుర్రాడు రిలీజ్ నోట్ రాస్తూ నన్నడిగాడు: "అక్కా, 'వి చేంజ్డ్ ద లాగిన్ పేజ్' అని రాస్తే స్కూలు పిల్లాడి భాషలా లేదూ?" లేదని చెప్పాను. మారింది లాగిన్ పేజీ, మార్చింది మనం, ఆ సంగతి నాలుగు ముక్కల్లో వచ్చేసింది. అతను ముందు రాసుకున్న వాక్యంలో 'మాడిఫికేషన్స్ హావ్ బీన్ ఎఫెక్చుయేటెడ్' అని ఉంది. ఎవరు మార్చారో, ఏం మార్చారో అందులో లేదు.

సూటిగా రాయడం తక్కువ స్థాయి పని అయితే దానికోసం చట్టాలు పుట్టేవి కావు. అమెరికాలో కంపెనీలు షేర్లు అమ్మేటప్పుడు ఇచ్చే ప్రాస్పెక్టస్‌లో ముఖ్యభాగాలు సాదా ఇంగ్లీషులో ఉండాలని అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 1998లో నియమం పెట్టింది. 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ వచ్చింది, ఫెడరల్ ఆఫీసులు జనానికి అర్థమయ్యేలా రాయాలని. 2023లో సాదా భాషకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ప్రమాణం కూడా వచ్చింది, నంబరు 24495. విమానాల మెయింటెనెన్స్ మాన్యువళ్ళకైతే ఏకంగా ఒక కుదించిన ఇంగ్లీషే ఉంది. దాని పేరు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100. అనుమతించిన సాధారణ పదాలు సుమారు తొమ్మిది వందలు, ఒక మాటకు ఒకటే అర్థం. అందులో 'స్టార్ట్' వాడొచ్చు. 'బిగిన్', 'కమెన్స్', 'ఇనిషియేట్' వాడకూడదు. విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ ఉన్న ఈ ఊళ్ళో ఏరోస్పేస్ వైపు టెక్నికల్ రైటర్లుగా చేరాలనుకునేవాళ్ళు ఈ పేరు తెలుసుకుని వెళ్ళడం మంచిది. ఇంజన్ విప్పుతున్న మెకానిక్ ఒక మాట దగ్గర ఆగి ఆలోచించే పరిస్థితి రాకూడదన్నది అక్కడి పట్టుదల.

ఒక ప్రయోగం కూడా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ ఓపెన్‌హైమర్ 2006లో ప్రచురించినది. విద్యార్థుల వ్యాసాలు తీసుకుని, మామూలు మాటల స్థానంలో పర్యాయపదాల్లోంచి పొడవాటి మాటలు పెట్టి, వాటిని కొందరిచేత చదివించారు. పొడవాటి మాటలున్న వ్యాసం రాసినవాళ్ళను తక్కువ తెలివిగలవాళ్ళని చదివినవాళ్ళు అంచనా వేశారు. మనం ఆశించేదానికి సరిగ్గా ఎదురు ఫలితం.

తెలుగువాళ్ళకు ఈ గొడవ కొత్తేమీ కాదు. పాఠ్యపుస్తకాల్లోకి జనం మాట్లాడే భాష రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు గ్రాంథికవాదులతో జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. సొంత భాషలో వ్యావహారికం కోసం నిలబడ్డ మనం, పరాయి భాష దగ్గరికి వచ్చేసరికి గ్రాంథికం వెంట పడటం నాకు బాధగా ఉంటుంది.

మరి ఈ దారిలో లోపం లేదా అంటే, ఉంది. కొన్ని మామూలు మాటలు వాడీ వాడీ ఖాళీ అయిపోయాయి: 'గెట్', 'డూ', 'థింగ్', 'ఇష్యూ', 'చెక్', 'వర్క్ ఆన్'. 'ఐ వర్క్డ్ ఆన్ సమ్ ఇష్యూస్' అన్న వాక్యం ఏ ఉద్యోగి అయినా, ఏ రోజైనా రాసుకోవచ్చు. అప్రైజల్లో ఇలాంటి వాక్యాలు పది ఉంటే ఏడాది కష్టమంతా కనిపించకుండా పోతుంది.

## రెండో దారి: జాబితా చూసి పెద్ద మాట

ఈ దారి పనికొచ్చే చోటు ముందు చెప్తాను, పరీక్షలు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో నాలుగు ప్రమాణాల్లో ఒకటి లెక్సికల్ రిసోర్స్, అంటే పదసంపద. పావు వంతు మార్కులు దానివే. విదేశాల్లో ఎంఎస్‌కి, పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) సిద్ధమయ్యేవాళ్ళు కొత్త మాటలు నేర్చుకోక తప్పదు. అలాంటివాళ్ళు రీల్స్ వదిలేసి అకడెమిక్ వర్డ్ లిస్ట్ పట్టుకోండి. ఆవ్రిల్ కాక్స్‌హెడ్ అనే భాషావేత్త 2000లో తయారుచేసింది, 570 పద కుటుంబాలు. 'అనలైజ్', 'సిగ్నిఫికెంట్', 'డిరైవ్' లాంటివి, నిజంగా చదువుల్లో తిరిగే మాటలే. అయితే ఆ పరీక్షలో కూడా జోడీ తప్పితే మార్కు పోతుంది. అరుదైన మాట వాడినందుకే మార్కు పడుతుందన్నది అపోహ. జీఆర్‌ఈ కోసం నేర్చిన మాటలైతే పరీక్ష హాల్లోనే వదిలేసి రండి. 'లాకానిక్', 'అబ్‌స్ట్రూస్' స్టాండప్‌లో, అంటే టీం రోజువారీ చిన్న మీటింగ్‌లో వినిపిస్తే అందరూ ఒక్క క్షణం మీ మొహం చూస్తారు.

ఆఫీసులో ఈ దారి దెబ్బతీసేది రెజ్యూమె దగ్గర. ఏడాది అనుభవం ఉన్న వ్యక్తి 'స్పియర్‌హెడెడ్' (ముందుండి నడిపించాను) అని రాస్తాడు, 'ఆర్కిటెక్టెడ్' (మొత్తం నిర్మాణం రూపొందించాను) అని రాస్తాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఆ మాటనే పట్టుకుంటారు. ఆర్కిటెక్ట్ చేశావు కదా, ఆ డేటాబేసే ఎందుకు ఎంచుకున్నావు? లోడ్ పెరిగితే ఏం చేద్దామనుకున్నావు? అతను చేసింది మూడు స్క్రీన్లు కట్టడం. చక్కటి పనే అది, 'బిల్ట్' అని రాసుంటే దానిగురించే అడిగేవాళ్ళు, చక్కగా చెప్పేవాడు. పెద్ద మాట అతన్ని తెలియని ప్రశ్నల్లోకి తోసింది.

ఇంకో చోటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. స్కూల్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాయకూడదని నేర్పారు. ఆ అలవాటుతో ఒక డాక్యుమెంట్‌లో మొదటి పేరాలో 'యూజర్', రెండో పేరాలో 'కస్టమర్', మూడో పేరాలో 'క్లయింట్' అని మారుస్తూ పోతారు. చదివే డెవలపర్ ముగ్గురు వేర్వేరు మనుషులనుకుంటాడు. టెక్నికల్ రాతలో ఒక వస్తువుకు ఒక పేరు పెట్టాక చివరిదాకా అదే ఉండాలి. ఇక్కడ పునరుక్తి దోషం కాదు, అదే మంచితనం. స్పెసిఫికేషన్లలో ఇది ఇంకా గట్టిది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళకోసం 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం 'మస్ట్', 'షుడ్', 'మే' అన్న చిన్న మాటలకు అర్థాలు కట్టింది. 'మస్ట్' తప్పనిసరి. 'షుడ్' అంటే గట్టి కారణం ఉంటే తప్ప పాటించాల్సిందే. 'మే' మన ఇష్టం. వినడానికి బాగుందని 'మస్ట్'ని 'షుడ్' చేస్తే ఆ ఫీచర్ తప్పనిసరి కాకుండా పోతుంది.

అయితే పెద్ద మాటే మేలైన సందర్భం ఒకటుంది. 'పుట్ ఆఫ్', 'బ్రింగ్ అప్', 'లుక్ ఇంటు' లాంటి రెండు ముక్కల క్రియలు చూడ్డానికి చిన్నవే గానీ, ఇంగ్లీషు ఇంటి భాష కానివాళ్ళకు కష్టం. 'పుట్ ఆఫ్' అంటే వాయిదానా, ఆర్పడమా, ఇష్టం పోవడమా అని తడుముకోవాలి. 'పోస్ట్‌పోన్' అంటే ఒకటే అర్థం. ఫ్రెంచ్, స్పానిష్ మాట్లాడే క్లయింట్లకు లాటిన్ మూలమున్న మాటలు ఇంకా తేలిక, వాళ్ళ భాషల్లో వాటి చుట్టాలే ఉంటాయి కాబట్టి. యూరప్ టీములతో పనిచేసేవాళ్ళు 'పోస్ట్‌పోన్', 'మెన్షన్', 'ఇన్వెస్టిగేట్' ధైర్యంగా వాడొచ్చు.

## మూడో దారి: మన ఆఫీసు బాణీ

'ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్', 'కైండ్లీ రివర్ట్', 'ఇంటిమేట్ ద సేమ్', 'మీటింగ్ ప్రీపోన్ చేద్దాం', 'ఐ హావ్ ఎ డౌట్'. వీటిని ఎగతాళి చేసే ఫ్యాషన్ ఒకటుంది, నాకది నచ్చదు. కోట్లమంది అర్థం చేసుకునే భాష తప్పు భాష ఎలా అవుతుంది? బ్యాంకుకో, కరెంటు సంస్థ బెస్కాంకో, కాలేజీ రిజిస్ట్రార్‌కో ఉత్తరం రాస్తే 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' దాని పని అది చేస్తుంది. మర్యాదగా ఉంటుంది, చదివే గుమాస్తాకు వెంటనే అందుతుంది.

చిక్కంతా సరిహద్దు దాటినప్పుడే. అమెరికా వాళ్ళకు 'రివర్ట్' అంటే పాత స్థితికి తీసుకెళ్ళడం. అసలు కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్‌లో 'రివర్ట్' అనేది ఒక కమాండ్, చేసిన మార్పును వెనక్కి తిప్పుతుంది. కోడ్ రివ్యూలో 'ప్లీజ్ రివర్ట్ ఆన్ దిస్ చేంజ్' అని రాస్తే మీ ఉద్దేశం 'దీనికి జవాబివ్వండి' అని. అవతలి డెవలపర్ ఆ మార్పు తీసేసే ప్రమాదం నిజంగానే ఉంది. 'రిప్లై' అని రాస్తే గొడవే లేదు. 'డౌట్' కూడా అంతే. డిజైన్ మీద 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మనకు అది ఒక ప్రశ్న. వాళ్ళకు ఆ డిజైన్ మీద మీకు నమ్మకం లేదని వినిపిస్తుంది. 'క్వశ్చన్' అనండి. 'ప్రీపోన్' డిక్షనరీల్లోకి ఎక్కింది గానీ బయటివాళ్ళకు కొత్తే, 'మూవ్ అప్' లేదా 'బ్రింగ్ ఫార్వర్డ్' నయం. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021' అంటే 2021లో స్పృహ తప్పానని అర్థమవుతుంది వాళ్ళకు, 'గ్రాడ్యుయేటెడ్' అనాలి.

ఇంగ్లీషు ఇంటి భాష అయిన దేశాల మధ్యనే ఇలాంటివి ఉన్నాయి. మీటింగ్‌లో ఒక విషయాన్ని 'టేబుల్' చేద్దామంటే లండన్‌లో ఇప్పుడే చర్చకు పెడదామని, న్యూయార్క్‌లో పక్కన పెడదామని. రెండు చోట్ల వాళ్ళూ కాల్‌లో ఉన్నప్పుడు ఆ మాట జోలికే పోకుండా ఉండటం మేలు.

## నాలుగో దారి: పనికి సరిపోయే మాట

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం. తెలుగులో 'చూస్తాను' అన్న మాట ఎన్ని పనులు చేస్తుందో, మనం ఇంగ్లీషులో 'చెక్' చేత అన్నీ చేయిస్తాం. రాత్రి పేమెంట్లు ఆగిపోయాయి, చాట్‌లో క్లయింట్ అడుగుతున్నాడు. మనవాడు 'ఐ యామ్ చెకింగ్' అన్నాడు. పావుగంటకు 'స్టిల్ చెకింగ్'. ఇంకో పావుగంటకు 'టీం ఈజ్ చెకింగ్'. మనవాడు ఈ అరగంటలో నిజంగా చెమటోడ్చాడు. తప్పు స్టేజింగ్‌లో, అంటే లైవ్‌కు ముందు పరీక్షించే సర్వర్‌లో మళ్ళీ వచ్చేలా చేశాడు, లాగ్స్ తెరిచాడు, గేట్‌వే వాళ్ళకు ఫోన్ చేశాడు. ఇవేవీ అవతలికి తెలియలేదు. వాళ్ళకు కనిపించింది మూడుసార్లు వచ్చిన ఒకే మాట.

అదే చాట్‌లో ఇలా ఉంటే: 'రీప్రొడ్యూస్డ్ ఇట్ ఆన్ స్టేజింగ్. ఇన్వెస్టిగేటింగ్ ద గేట్‌వే లాగ్స్ నౌ. నెక్స్ట్ అప్‌డేట్ ఎట్ 9:30.' ఇందులో గొప్ప మాటలేం లేవు. కానీ తప్పు నిజమని తేలింది, కారణం ఎక్కడ వెతుకుతున్నారో తెలిసింది, మళ్ళీ ఎప్పుడు అడగాలో తెలిసింది. ఫోన్ పక్కన పెట్టి క్లయింట్ తన పని చూసుకోగలడు.

'చెక్'లో ఇమిడిన పనులు విడదీస్తే ఇవి. తప్పు మన దగ్గర మళ్ళీ రప్పించడం 'రీప్రొడ్యూస్'. చెప్పింది నిజమా, వేసిన ఫిక్స్ పనిచేసిందా అని తేల్చుకోవడం 'వెరిఫై'. కారణం తెలియక వెతకడం 'ఇన్వెస్టిగేట్'. ఇంకొకరి పని చదివి అభిప్రాయం చెప్పడం 'రివ్యూ'. కొంతకాలం కనిపెట్టుకుని ఉండటం 'మానిటర్'. ఎవరి దగ్గరో అవునో కాదో తెచ్చుకోవడం 'కన్ఫర్మ్'. ఈ ఆరూ వచ్చేస్తే స్టేటస్ మెయిల్‌లో మీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

అప్రైజల్‌కు వద్దాం. ఒకే పని, మూడు రాతలు.

మామూలుగా: 'వర్క్డ్ ఆన్ పేమెంట్ మాడ్యూల్ అండ్ డిడ్ మెనీ బగ్ ఫిక్సెస్.'

జాబితా ప్రకారం: 'స్పియర్‌హెడెడ్ ద రెక్టిఫికేషన్ ఆఫ్ మల్టిపుల్ అనామలీస్ ఇన్ ద పేమెంట్ ఎకోసిస్టమ్.'

పనికి సరిపోయేలా: 'ట్రేస్డ్ ద డబుల్ రీఫండ్ బగ్ టు ఎ రీట్రై కాల్, ఫిక్స్డ్ ఇట్, అండ్ యాడెడ్ ఎ టెస్ట్.'

మూడోదాన్ని నాలుగు కమిటీల్లో చదివినా ఒకే అర్థం వస్తుంది. 'ట్రేస్' అన్న మాట దగ్గరే ఉంది అసలు బరువు. ఊరికే మరమ్మతు చేయలేదు, మూలం దాకా వెళ్ళాడు.

ఇంకో గుంపు మాటలు బాధ్యతకు సంబంధించినవి, లీడ్లకు ఇవి ప్రాణం. 'ఐ థింక్ వి షుడ్ యూజ్ దిస్ టూల్' అన్నదాన్ని మూడు రకాలుగా మార్చొచ్చు. 'సజెస్ట్' అంటే ఒక ఆలోచన ముందు పెట్టారు, అంతే. 'ప్రపోజ్' అంటే దీనిమీద నిర్ణయం తీసుకోండని అడుగుతున్నారు. 'రికమెండ్' అంటే ఆలోచించి తేల్చారు, ఎందుకని అడిగితే నిలబడతారు. అలాగే 'ఐ విల్ ట్రై బై ఫ్రైడే' అన్నదాంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. 'ఎస్టిమేట్' అంటే అంచనా, అటూ ఇటూ కావచ్చు. 'టార్గెట్' అంటే దానికోసం పనిచేస్తున్నారు. 'కమిట్' అంటే మాట ఇచ్చారు. శుక్రవారానికి కాకపోతే ముందే చెప్పాల్సిన బాధ్యత కూడా దాంతోపాటే వస్తుంది. మొహమాటం కొద్దీ 'కాదు' అనలేక 'ట్రై' అంటాం మనం. ఆ మొహమాటం ఖరీదు శుక్రవారం సాయంత్రం టీం మొత్తం కడుతుంది.

| మామూలు మాట | ఏం చెప్పాలనుకుంటున్నారు | సరిపోయే మాట | మామూలు మాటే ఉంచాల్సిన చోటు |
|---|---|---|---|
| గెట్ | కష్టపడి అనుమతి తెచ్చారు | ఆబ్టైన్, సెక్యూర్ | 'గాట్ ఎన్ ఎర్రర్' |
| గెట్ | డేటా లాగారు | ఫెచ్, ఎక్స్‌ట్రాక్ట్, కలెక్ట్ | చాట్‌లో మాటామంతీ |
| చీప్ | ఖర్చు తక్కువ, నాణ్యత బాగుంది | కాస్ట్ ఎఫెక్టివ్, అఫర్డబుల్ | నాసిరకం అనే చెప్పాలనుకుంటే |
| ఓల్డ్ సిస్టమ్ | పాతదే, ఇంకా నడుస్తోంది | లెగసీ | వయసు మాత్రమే చెప్పేటప్పుడు |
| ప్రాబ్లం | పని ముందుకు సాగట్లేదు | బ్లాకర్ | ఇంకా ఏమిటో తేలనప్పుడు |
| యూజ్ | వాడటం | యూజ్ | అన్ని చోట్లా |

'ఓల్డ్' దగ్గర ఒక జాగ్రత్త. జాబితాలు దానికి 'ఆబ్సొలీట్' అని చూపిస్తాయి. ఆ సిస్టమ్ కట్టినవాళ్ళు అదే కాల్‌లో ఉండొచ్చు, వాళ్ళ పని పనికిరానిదైపోయిందని వాళ్ళ ముందే అన్నట్టు అవుతుంది. 'లెగసీ'లో ఆ ముల్లు చాలా తక్కువ.

## నాలుగూ పక్కపక్కన

| | అర్థం పెరుగుతుందా | జోడీ తప్పే ప్రమాదం | కాల్‌లో పలకడం | విదేశీ క్లయింట్‌కు | అనువైన చోటు |
|---|---|---|---|---|---|
| మామూలు మాట | ఖాళీ మాటలు వదిలేస్తే సరిపోతుంది | తక్కువ | తేలిక | బాగా అందుతుంది | స్టాండప్, చాట్, కస్టమర్ సపోర్ట్ |
| జాబితా మాట | అరుదుగా | ఎక్కువ | తడబాటు | ఎవరన్నదాన్ని బట్టి | పరీక్షలు, ఒప్పందాలు |
| ఆఫీసు బాణీ | లేదు | లేదు, అచ్చులో పోసినవే | తేలిక | అపార్థం ఉంది | మన బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసులు |
| సరిపోయే మాట | అవును | నేర్చుకునేదాకా కొంత | తేలికే | బాగా అందుతుంది | స్టేటస్, అప్రైజల్, రెజ్యూమె, డిజైన్ |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

తెలుగు మీడియంలో చదివి కొత్తగా చేరినవాళ్ళు మొదట మామూలు మాటలతోనే ధైర్యంగా మాట్లాడండి. చిన్న వాక్యాలు, క్రియ స్పష్టంగా. పెద్ద మాట కోసం మధ్యలో ఆగి వెతుక్కుంటే చెప్పాల్సింది కూడా గొంతులోనే ఉండిపోతుంది. మీ వ్యాకరణం కాస్త అటూ ఇటూ అయినా ఈ ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు, అందరూ ఎక్కడినుంచో వచ్చి నేర్చుకున్నవాళ్ళే. 'చెక్' ఒక్కదాన్ని పైన చెప్పినట్టు విడగొట్టుకోవడం మాత్రం మొదటి నెల్లోనే మొదలుపెట్టండి.

సపోర్ట్‌లో, కస్టమర్లతో ఫోన్ మీద ఉండేవాళ్ళకు మామూలు మాటే మేలు, స్వరం మెత్తగా ఉంటే చాలు. 'యువర్ రిక్వెస్ట్ హాజ్ బీన్ డిక్లైన్డ్' కన్నా 'వి కాంట్ డూ దిస్, బట్ వి కెన్ డూ దట్' వినేవాళ్ళను శాంతపరుస్తుంది.

ఉద్యోగం మారేవాళ్ళు రెజ్యూమెలో 'రెస్పాన్సిబుల్ ఫర్', 'ఇన్వాల్వ్డ్ ఇన్' ఎక్కడున్నాయో వెతికి, వాటి బదులు మీ చేతులు నిజంగా చేసిన క్రియ పెట్టండి: 'బిల్ట్', 'టెస్టెడ్', 'మైగ్రేటెడ్', 'ట్రెయిన్డ్'. ప్రతి క్రియ మీద వరసగా మూడు ప్రశ్నలు వస్తే జవాబు చెప్పగలనా అని చూసుకోండి. చెప్పలేని క్రియ తీసేయండి. లీడ్ అవబోతున్నవాళ్ళు 'సజెస్ట్, ప్రపోజ్, రికమెండ్' తేడా ఒంటపట్టించుకుంటే మీటింగుల్లో మీ మాటకు విలువ తేడాగా కనిపిస్తుంది.

చాట్‌జీపీటీ, గ్రామర్లీ లాంటివి వాడేవాళ్ళకు ఒక్క మాట. వాటికి మెయిల్ ఇచ్చి 'ప్రొఫెషనల్‌గా మార్చు' అంటే చాలాసార్లు రెండో దారిలోకే తీసుకెళ్తాయి, 'లెవరేజ్', 'సీమ్‌లెస్' వచ్చి కూర్చుంటాయి. 'నా మాటలు ఉంచు, వ్యాకరణం మాత్రం దిద్దు' అని అడగండి. క్లయింట్ పేర్లు, డేటా బయటి టూల్స్‌లో పెట్టొచ్చా లేదా అన్నది మీ కంపెనీ పాలసీలో చూసుకున్నాకే.

## మాట ఎక్కడ వెతకాలి

పర్యాయపదాల నిఘంటువు ఒక్కదానితో పని జరగదు, అది తేడాలు చెప్పదు. విదేశీ విద్యార్థుల కోసం తయారైన లెర్నర్స్ డిక్షనరీ కావాలి. లాంగ్‌మన్ వాళ్ళది సుమారు రెండు వేల మామూలు మాటలతోనే అన్ని అర్థాలూ వివరిస్తుంది, అందుకే మనకు హాయి. 1987లో మొదటిసారి వచ్చిన కొలిన్స్ కోబిల్డ్ ఉదాహరణలను నిజమైన వాడుకలోంచి తీసుకుంది. జోడీల కోసమే ఆక్స్‌ఫర్డ్ కాలొకేషన్స్ డిక్షనరీ ఉంది. 'రిస్క్' దగ్గర తెరిస్తే ఏ క్రియలు దానితో వస్తాయో వరసగా కనిపిస్తాయి. లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. పుస్తకమే కావాలనుకుంటే చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులు ఉండనే ఉన్నాయి.

అన్నిటికన్నా దగ్గరి నిఘంటువు మీ మెయిల్‌బాక్స్. వాడాలనుకున్న మాటను అందులో సెర్చ్ చేయండి. మీ క్లయింట్, మీ ఆర్కిటెక్ట్, బాగా రాస్తారని పేరున్న సీనియర్ ఆ మాటను వాడారా, పక్కన ఏ మాటలు పెట్టారు, ఏ సందర్భంలో పెట్టారు అన్నది పది మెయిళ్ళు చదివితే తెలిసిపోతుంది. ఎవరూ వాడి ఉండకపోతే, వాళ్ళు అదే విషయాన్ని ఏ మాటతో చెప్పారో చూసి దాన్ని తెచ్చుకోండి.